కొలత కుదిరేదాకా: ఏడీహెచ్‌డీ మందుపై ఒక డొంకూరు సంవాదం

ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడంగా కనిపించే ఏడీహెచ్‌డీకి మందు మొదలుపెట్టడం జ్వరానికి బిళ్ల వేసినట్టు కాదు. జ్వరం బిళ్లకు పిల్లవాడి బరువు తెలిస్తే మోతాదు తెలిసిపోతుంది. ఈ మందుకు అలా కుదరదు. ఒకే వయసు, ఒకే బరువు ఉన్న ఇద్దరిలో ఒకడికి 5 మిల్లీగ్రాములు సరిపోవచ్చు, ఇంకొకడికి 20 కూడా ఆనకపోవచ్చు. ఎవరికెంత పడుతుందో ముందే చెప్పే రక్తపరీక్ష లేదు. తక్కువలో మొదలుపెట్టి, వారం వారం చూసుకుంటూ, మేలు ఎక్కడ నిలిచిందో, ఇబ్బంది ఎక్కడ మొదలైందో పట్టుకోవాలి. ఆ చూసుకోవడం ఎవరి పని, ఎవరి చేతుల మీదుగా జరగాలి అన్నదే అసలు సమస్య. బిళ్ల మంచిదా చెడ్డదా అన్నది దాని తరవాతి ప్రశ్న.

ఈ విషయంలో వచ్చే వాదాన్ని ఇద్దరి నోట చెప్పించడం సులువు. ఒకరు శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం మండలం డొంకూరులో తెప్ప మీద మొదలై మరబోటు దాకా వచ్చి, మోకాళ్లు పట్టేశాక ఒడ్డున వలలు బాగుచేస్తున్న తాత. రెండోవారు ఆయన చిన్నకూతురు, విశాఖపట్నంలో స్టాఫ్ నర్సు. వాదం ఆమె అక్క కొడుకు గురించి. వాడికి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. తండ్రి గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీద ఉన్నాడు. మనుషులు కల్పితం. అభ్యంతరాలు మాత్రం కల్పితం కావు.

తాత మొదటి మాటే గట్టిగా వేశాడు. "ఆడికి జబ్బేటమ్మా? గుంటడు కుదురుగా కూకోడు, అంతే గదా. వల అల్లమంటే రెండు గంటలు కదలకుండా కూకుంటాడు. ధ్యాస లేనోడు అలగ కూకోగలడా? నానూ చిన్నప్పుడు బడి గోడ దూకీసి ఏటికాడికి పోయీవోడ్ని. బతకనేదా?"

"వల దగ్గర కూర్చున్నాడని ధ్యాస ఉందనుకోకు నాన్నా. మనసుకు పట్టిన పని దగ్గర ఈ పిల్లలు లోకం మరిచిపోతారు. పట్టని పని దగ్గర ధ్యాసను లాక్కొచ్చి నిలబెట్టలేరు. కావాలని చేసేది కాదు అది. నువ్వు గోడ దూకిన సంగతి కూడా డాక్టరుకు చెప్పాల్సిందే" అంది కూతురు.

ఆమె వేళాకోళానికి అనలేదు. ఏడీహెచ్‌డీ కుటుంబాల్లో నడుస్తుంది. కవల పిల్లల మీద జరిగిన పరిశోధనల ప్రకారం మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాలో 70 నుంచి 80 శాతం వంశం నుంచి వచ్చేదే. తాతకు సముద్రం మీద పనికొచ్చిన చురుకే మనవడికి బెంచీ మీద శిక్షగా మారిందనుకోవడంలో తప్పులేదు. అయితే చురుకైన ప్రతి పిల్లవాడికీ ఏడీహెచ్‌డీ ఉందనడం మాత్రం తప్పు. 2013లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల ప్రమాణ గ్రంథం డీఎస్ఎం-5 ఇందుకు 18 లక్షణాలను రెండు వరుసలుగా ఇచ్చింది. ధ్యాస నిలవకపోవడం ఒక వరుస, నిలకడలేని చురుకూ తొందరపాటూ ఇంకో వరుస. పిల్లల్లో ఏదో ఒక వరుసలోనైనా కనీసం ఆరు లక్షణాలు ఉండాలి. అవి పన్నెండేళ్లలోపే మొదలై, ఆరు నెలలకు తక్కువ కాకుండా సాగుతూ, ఇల్లూ బడీ లాంటి రెండు చోట్లా కనిపించాలి. బతుక్కి నిజంగా అడ్డుపడుతూ ఉండాలి. దీన్ని పట్టిచ్చే స్కానింగ్ లేదు. ఇంటివాళ్లూ టీచరూ విడివిడిగా నింపే ప్రశ్నల పట్టికలు, పిల్లవాడితో మాట, పుట్టినప్పటినుంచి నడిచిన కథ, వీటిమీదే నిర్ధారణ. చెవి సరిగా వినపడకపోయినా, చూపు ఆనకపోయినా, రాత్రిళ్లు నిద్ర చాలకపోయినా, చదవడంలోనే ప్రత్యేకమైన ఇబ్బంది ఉన్నా పిల్లవాడు అచ్చం ఇలాగే కనిపించవచ్చు. వాటిని చూడకుండా మందు రాసే డాక్టరు దగ్గరినుంచి లేచి రావడమే మంచిది.

ఇక్కడిదాకా తాత విన్నాడు. తరవాత అసలు భయం బయటపడింది.

"ఈ ఊళ్లల్లో బిళ్లలు మింగి మింగి కిడ్నీలు పోగొట్టుకున్నోళ్లని నువ్వు సూడనేదా? ఒళ్లునొప్పులకని ఆరెంపీ ఇచ్చిన బిళ్ల, ఏట నుంచొచ్చి మింగీసిన బిళ్ల. ఇప్పుడు పసోడికి రోజూ బిళ్ల ఏస్తానంటావేటి?"

డొంకూరు ఉన్న ఈ ఉద్దానం ప్రాంతంలో ఈ మాటను తోసిపారేసే హక్కు ఎవరికీ లేదు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఇళ్లను కూలుస్తోంది. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రంతో పాటు 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబర్ 14న మొదలైంది. జబ్బుకు మూలకారణం ఇదీ అని ఇంకా తేలలేదు. నొప్పి బిళ్లలను లెక్కాపత్రం లేకుండా వాడితే కిడ్నీలు దెబ్బతింటాయన్నది మాత్రం ఉద్దానంలోనే కాదు, ఎక్కడైనా నిజమే.

కూతురు కాదనలేదు. "నొప్పి బిళ్ల జాతి వేరు, ఇది వేరు. దీని పేరు మిథైల్‌ఫెనిడేట్. ఒంట్లోకి వెళ్లాక దీన్ని ఎక్కువగా లివర్లోని ఒక ఎంజైము విరగ్గొట్టి పనిచేయని పదార్థంగా మార్చేస్తుంది. ఆ మిగిలింది మూత్రంలో పోతుంది. కిడ్నీని ఇది పాడుచేస్తుందన్న ఆధారం లేదు. కానీ బీపీని కొద్దిగా పెంచుతుంది, నాడి వేగాన్నీ పెంచుతుంది. బీపీకీ కిడ్నీకీ ఉన్న లంకె నీకు చెప్పక్కర్లేదు. పైగా కిడ్నీ జబ్బున్నవాళ్ల మీద దీన్ని పెద్దగా పరీక్షించలేదు. అందుకే మన ఇంట్లో ఎవరెవరికి కిడ్నీ జబ్బుందో డాక్టరు అడక్కపోయినా మనమే చెప్పాలి."

తాత భయం బిళ్ల విషయంలో గురి తప్పింది, బిళ్లలు చేతులు మారే పద్ధతి విషయంలో సరిగ్గా తగిలింది. పేరు తెలియని బిళ్ల, చీటీ లేని బిళ్ల, ఎంతకాలమో చెప్పని బిళ్ల, తిరిగి చూడని బిళ్ల అంటూ ఆయన దేన్ని తిడుతున్నాడో, ఈ మందును సురక్షితంగా వాడే నిపుణులు కూడా వద్దనేది దాన్నే.

మొదటి బిళ్లకు ముందు జరగాల్సిన పని చాలా ఉంది. బ్రిటన్ ఆరోగ్య ప్రమాణాల సంస్థ నైస్ 2018 మార్చిలో ఇచ్చిన మార్గదర్శకాలు దీన్ని వివరంగా చెప్పాయి. మందు రాసేవారు ఏడీహెచ్‌డీలో శిక్షణ పొందిన నిపుణులై ఉండాలి. ఐదేళ్లు దాటిన పిల్లల్లో, ఇంట్లోనూ బడిలోనూ చేయగలిగిన మార్పులు చేశాక కూడా ఇబ్బంది గట్టిగా మిగిలితేనే మందు మాట ఎత్తాలి. ముందు బెంచీలో కూర్చోబెట్టడం, పనిని చిన్న ముక్కలుగా ఇవ్వడం, మధ్యలో లేచి తిరగనివ్వడం, తల్లిదండ్రులకు శిక్షణ లాంటివే ఆ మార్పులు. ఐదేళ్లలోపు వారికి మందు దాదాపు వద్దనే అన్నారు. ఆ తరవాత ఎత్తు, బరువు, నాడి, బీపీ కొలిచి రాసుకోవాలి. పరుగెత్తినప్పుడు ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయాడా, గుండెలో చప్పుడుందని ఎవరైనా అన్నారా, ఇంట్లో నలభై ఏళ్లలోపు ఎవరైనా హఠాత్తుగా చనిపోయారా అని అడగాలి. వీటిలో దేనికైనా అవునంటే గుండె డాక్టరు చూసేదాకా ఆగాలి. ఏమీ లేకపోతే ప్రతి పిల్లవాడికీ ఈసీజీ అక్కర్లేదు. మూర్ఛలు, కళ్లో ముఖమో అదిరే అలవాటు, కుటుంబంలో తీవ్రమైన మానసిక జబ్బు, ప్రస్తుతం వాడుతున్న మందులు, ఇవన్నీ చెప్పాల్సినవే. జలుబుకు దుకాణంలో కొనే కొన్ని బిళ్లల్లో ముక్కుదిబ్బడ తగ్గించే మందు ఉంటుంది. అదీ ఇదీ కలిస్తే బీపీ పెరగవచ్చు.

"ఇన్ని అడిగీ డాక్టరు మనకాడ ఎక్కడున్నాడమ్మా? ఆరెంపీ అయితే ఈధి సివరనే ఉన్నాడు."

"ఆర్ఎంపీ ఇవ్వలేడు నాన్నా. ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు."

మిథైల్‌ఫెనిడేట్ ఔషధ నిబంధనల్లోని ఎక్స్ షెడ్యూలులో ఉంది, 1985 నాటి మత్తు పదార్థాల చట్టం జాబితాలోనూ ఉంది. ప్రత్యేక లైసెన్సు ఉన్న దుకాణమే దీన్ని అమ్మాలి. చీటీ రెండు ప్రతులు ఉండాలి. ఒకటి దుకాణందారు రెండేళ్లు దాచాలి. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇలాంటి మందులను ఫోనులో చూసి రాయకూడదన్నాయి. అంటే ఉచిత మానసిక ఆరోగ్య సహాయానికి 14416 నంబరుతో 2022 అక్టోబర్‌లో మొదలైన టెలిమానస్‌కు ఫోను చేసి సలహా అడగవచ్చు, ఎక్కడికి వెళ్లాలో తెలుసుకోవచ్చు. చీటీ కోసం మాత్రం డాక్టరు ఎదురుగా కూర్చోవాల్సిందే. ఈ కట్టుబాటు డొంకూరు లాంటి ఊళ్లకు భారమే. నిపుణులు నగరాల్లో, లైసెన్సు దుకాణాలూ నగరాల్లో, పిల్లలు మాత్రం ఇక్కడ. అయినా ఈ మందు విషయంలో దూరమే కొంత కాపలా కాస్తోందని ఒప్పుకోవాలి.

ఇచ్ఛాపురంవాళ్లకు జిల్లా కేంద్రం కంటే ఒడిశాలోని బరంపురమే దగ్గర. పాతిక కిలోమీటర్ల దూరం, రైలూ బస్సూ రెండూ ఉన్నాయి. అక్కడి ఎంకేసీజీ వైద్య కళాశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. తెలుగులో మాట్లాడినా పని జరిగే ఊరది. ఇటువైపు శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో బడికీ అంగన్‌వాడీకీ వచ్చి పిల్లలను పరీక్షించే బృందాల జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. వాళ్లు అనుమానపడిన పిల్లలను జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. బడిలో ఆ బృందం వచ్చిన రోజున టీచరు ఈ పిల్లవాడి పేరు చెప్పడం మరిచిపోకూడదు.

తాత కాసేపు వల కన్నులు సరిచేస్తూ ఊరుకున్నాడు. మత్తు పదార్థాల చట్టం మాట ఆయన్ని వదల్లేదు. "అంటే ఇది గంజాయి లాంటిదే గదా. పోలీసోళ్లు పట్టుకునే సట్టంలో ఉన్నదాన్ని నా మనవడి నోట్లో ఎడతావా?"

ఆమె జవాబులో దాపరికం లేదు. ఇది ఉత్తేజకారి జాతి మందే. దీన్ని నూరి పీల్చేవాళ్లు, పరీక్షల ముందు నిద్రాపుకోవడానికి మింగే విద్యార్థులు ఉన్నారు. అందుకే ఆ తాళాలన్నీ. డాక్టరు చెప్పిన మోతాదులో నోటిద్వారా వేసుకుంటే మందు మెదడుకు నిదానంగా చేరుతుంది, మత్తెక్కించదు. చిన్నప్పుడు ఈ మందు వాడిన ఏడీహెచ్‌డీ పిల్లలు, వాడనివాళ్ల కంటే ఎక్కువగా పెద్దయ్యాక మత్తుకు అలవాటుపడ్డారని పరిశోధనల్లో తేలలేదు. అయినా బిళ్లలు పెద్దవాళ్ల చేతిలో, తాళం వేసిన పెట్టెలో ఉండాలి. లెక్క తప్పకూడదు. వాడి బిళ్ల పక్కింటి పిల్లవాడికి ఒక్కటి కూడా ఇవ్వకూడదు.

ఈ జాతి మందుల చరిత్ర పాతదే. 1937లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ అనే వైద్యుడు ఒక పిల్లల ఆసుపత్రిలో 30 మందికి బెంజెడ్రిన్ అనే ఉత్తేజకారి మందు ఇచ్చాడు. దాదాపు సగంమందికి చదువు మీద ధ్యాస కుదిరింది. పిల్లలే వాటికి లెక్కల బిళ్లలని పేరు పెట్టుకున్నారు. మిథైల్‌ఫెనిడేట్‌ను 1944లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీలో లియాండ్రో పనిజాన్ తయారుచేశాడు. రిటాలిన్ అన్న పేరు ఆయన భార్య రీటాది. మనదేశంలో మిథైల్‌ఫెనిడేట్‌తో పాటు ఉత్తేజకారి కాని ఆటమాక్సెటిన్ కూడా దొరుకుతుంది. బీపీ మందుగా మొదలైన క్లోనిడిన్‌ను కొందరు పిల్లలకు వాడతారు. దాన్ని ఒక్కసారిగా ఆపితే బీపీ ఎగబాకుతుంది.

మోతాదు కుదర్చడం దగ్గరే ఇద్దరి వాదం చాలాసేపు సాగింది.

మిథైల్‌ఫెనిడేట్ పొట్టి రకం బిళ్ల గంటలోపే పనిచేయడం మొదలుపెట్టి, నాలుగు గంటల్లో దిగిపోతుంది. సాధారణంగా 5 మిల్లీగ్రాములతో, రోజుకు ఒకటి రెండుసార్లు మొదలుపెడతారు. వారం చూసి 5 నుంచి 10 చొప్పున పెంచుతారు. రోజుకు 60 దాటనివ్వరు, చాలామంది పిల్లలకు అంత అక్కర్లేదు. ఇలా పెంచుతూ పోయే దశ నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కుదిరాక ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పనిచేసే పొడుగు రకానికి మార్చవచ్చు. మధ్యాహ్న భోజనం వేళ బడిలో ఎవరు బిళ్ల వేస్తారన్న ఇబ్బంది దాంతో పోతుంది. పొడుగు రకాన్ని నమలకూడదు, చిదమకూడదు. ఆటమాక్సెటిన్ నడక వేరు. బరువును బట్టి కిలోకు అర మిల్లీగ్రాముతో మొదలై, వారం తరవాత 1.2 దాకా వెళ్తుంది. ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి పది రోజుల్లో ఏమీ కాలేదని దాన్ని ఆపేసేవాళ్లు దాన్ని అసలు పరీక్షించనట్టే. ఈ అంకెలన్నీ డాక్టరు ఏం చేస్తున్నాడో ఇంటివాళ్లకు అర్థం కావడానికి. ఇంట్లో వేసి చూసుకోవడానికి కాదు.

"అంటే డాక్టరుకీ తెలీదన్నమాట. వారవారం ఎంచుకుంటూ పోతాడు. నా మనవడి మీద సూసుకుంటాడు" అన్నాడు తాత.

"నువ్వు లంగరు వేసేటప్పుడు తాడు ఎంత వదలాలో ఒడ్డునే కొలిచి తీసుకెళ్తావా? లోతు, గాలి, నీటి వాలు చూసి వదులుతావు. పట్టు దొరికిందా అని లాగి చూస్తావు. తక్కువైతే బోటు జారిపోతుంది. ఎక్కువైతే పక్క బోటుకు తగులుతుంది. ఇదీ అంతే."

తాతకు పోలిక నచ్చింది, ఒప్పుకోవడం నచ్చలేదు. "లంగరు దగ్గర నాను రాత్రంతా కాపలా ఉంటాను. ఈడి దగ్గర ఎవరుంటారు? డాక్టరు బరంపురంలో, ఈడి నాన్న వెరావల్లో."

అసలు ప్రశ్న ఇదే. దీనికి జవాబు లేకపోతే మందు మొదలుపెట్టకూడదు. 1999 డిసెంబర్‌లో వెలువడిన ఎంటీఏ అధ్యయనం ఈ సంగతే తేల్చింది. అమెరికా, కెనడాల్లో ఏడేళ్ల నుంచి పదేళ్లలోపు పిల్లలు 579 మందిని నాలుగు జట్లుగా చేసి 14 నెలలు చూశారు. ఒక జట్టుకు జాగ్రత్తగా కొలిచిన మందు, ఒకదానికి ప్రవర్తనా శిక్షణ, ఒకదానికి రెండూ. నాలుగో జట్టును వాళ్ల ఊరి డాక్టర్లకే వదిలేశారు. ఆ నాలుగో జట్టులో కూడా మూడింట రెండొంతులమంది మందు తీసుకున్నారు. అయినా ఫలితంలో కొలిచిన మందు జట్టుకు చాలా వెనకబడ్డారు. తేడా మందులో లేదు. కొలిచిన జట్టుకు మొదటి నాలుగు వారాలు మోతాదులు మార్చి మార్చి వేసి చూశారు. ఏ రోజు ఏ మోతాదో టీచరుకూ ఇంటివాళ్లకూ తెలియనివ్వలేదు. తరవాత నెలనెలా డాక్టరు కూర్చోబెట్టి మాట్లాడాడు, టీచరు మాట కూడా విన్నాడు. ఊరి డాక్టర్ల జట్టులో మోతాదు తక్కువ, పలకరింపు తక్కువ. శిక్షణ, మందు కలిపిన జట్టుకు ఒంటరి మందు కంటే తక్కువ మోతాదే సరిపోయింది.

తన వాదానికి ఎదురు తిరిగే సంగతిని కూడా కూతురే చెప్పింది. మూడేళ్ల తరవాత మళ్లీ చూస్తే జట్ల మధ్య తేడా మాసిపోయింది. 14 నెలలకే ఆ పద్ధతి ఆగిపోయి, ఎవరిదారి వాళ్లు పట్టారు. మందు పట్టు తగ్గిందా, చూడటం ఆగిందా అన్నదాని మీద నిపుణులు ఇప్పటికీ ఏకం కాలేదు. జీవితాంతం మేలు చేస్తుందన్న హామీ ఈ మందుకు లేదు. ఈ ఏడాది చదువు, ఈ ఏడాది ఇంటి శాంతి, ఈ ఏడాది స్నేహాలు నిలబడతాయి. అది చిన్న మాట కాదనే ఆమె వాదం.

కాపలా ప్రశ్నకు ఆమె ఇచ్చిన జవాబు నోటుపుస్తకం. పిల్లవాడి అక్క ఎనిమిదో తరగతి, ఆమె రాస్తుంది. బిళ్ల ఎన్నింటికి వేశారు, తిన్నాక వేశారా, మధ్యాహ్నం ఎంత తిన్నాడు, ఎన్నింటికి నిద్రపోయాడు, సాయంత్రం ఏడ్చాడా కొట్టాడా. శనివారం శనివారం టీచరును బడిలో ఎలా ఉన్నాడో ఒకే తీరుగా అడగాలి, ఏ వారం మోతాదు పెరిగిందో చెప్పకుండా. మోతాదు పెంచే ముందూ తరవాతా బీపీ, నాడి చూడాలి. దానికి బరంపురం వెళ్లక్కర్లేదు, ఊళ్లోని ఆరోగ్య కేంద్రం చాలు. పదేళ్లలోపు పిల్లలకు బరువు మూడు నెలలకోసారి, ఎత్తు ఆరు నెలలకోసారి. అందరికీ ఏడాదికోసారి ఇంకా మందు కావాలా అన్న ప్రశ్న.

"తిండి సంగతి సెప్పు ముందు. ఆడు అసలే ఎముకలగూడు."

తిండే పెద్ద చిక్కు. మందు పనిచేసే గంటల్లో ఆకలి చస్తుంది. అందుకే పొద్దున చద్దన్నమో అంబలో కడుపునిండా తిన్నాకే బిళ్ల వేయాలి. మధ్యాహ్నం తినకపోతే తిట్టకూడదు. సాయంత్రం మందు దిగాక ఆకలి ఒక్కసారి లేస్తుంది, చేపల పులుసూ అన్నం అప్పుడు దండిగా పెట్టాలి. పనసతొన, కొబ్బరి, నాలుగు జీడిపప్పులు ఉద్దానంలో కొదవలేని చిరుతిండి. బరువు వరుసగా తగ్గుతూపోతే మోతాదో, మందో, వేళో మారాలి. ఏళ్లతరబడి వాడితే ఎత్తులో ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గవచ్చు. నిద్ర పట్టకపోవడం, తలనొప్పి, కడుపునొప్పి మొదటి వారాల్లో మామూలు. సాయంత్రం వేసిన బిళ్ల నిద్ర చెడగొడుతుంది. మందు దిగే వేళకు చిరాకు రావడం పొగరు కాదు. దాన్ని రాసిపెట్టుకుంటే వేళలు సర్దవచ్చు.

"మందేసి గుంటడ్ని బొమ్మని సేసీసినోళ్లుంటారంట గదా."

"ఉంటారు. బొమ్మలా కూర్చుంటే మందు పనిచేసినట్టు కాదు నాన్నా, ఎక్కువైనట్టు. టీచరు మెచ్చుకున్నా సరే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. వాడు వాడిలాగే ఉండాలి. నవ్వాలి, అల్లరి చేయాలి, లెక్క మాత్రం చివరిదాకా చేయాలి. ఆ మోతాదు దొరకకపోతే మందు మారుస్తారు. అదీ కుదరకపోతే మానేస్తారు."

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిన సంకేతాలు వేరు. ఛాతీనొప్పి, స్పృహ తప్పడం, లేనివి కనిపిస్తున్నాయనో వినిపిస్తున్నాయనో అనడం, చనిపోతానన్న మాట. ఈ చివరిదాన్ని గురించి ఆటమాక్సెటిన్ మీద అమెరికా ఔషధ సంస్థ 2005లో ప్రత్యేక హెచ్చరిక పెట్టించింది. అదే మందుతో కళ్లు పచ్చబడి, మూత్రం ముదురు రంగుకు తిరిగితే లివరు పరీక్ష చేయించాలి. ఒక పూట బిళ్ల మరిచిపోతే మర్నాడు రెండు వేయకూడదు.

ఎంతకాలం అన్నది తాత ఆఖరి ప్రశ్న. ముందే చెప్పలేరు, ఆపి చూడాలి అంది కూతురు. ఆపి చూడడానికి ఈ తీరానికి ఒక వీలుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేటకు నిషేధం. బడికి వేసవి సెలవులూ దాదాపు అప్పుడే. వెరావల్ వైపు నిషేధం వేరే రోజుల్లో గనక తండ్రి సెలవు మీద అప్పుడు ఇంటికి రాగలిగితే, డాక్టరుతో చెప్పి కొన్ని వారాలు మందు ఆపి, మందు లేని పిల్లవాణ్ని ఇంట్లో అందరూ ఒకేసారి చూడవచ్చు. అవసరమైతే బడి తెరిచాక మొదటి రెండు వారాలూ ఆపే ఉంచి టీచరు ఏమంటుందో వినవచ్చు. ఆపడం డాక్టరు మాటమీదే జరగాలి, బిళ్లలు అయిపోయాయని కాదు.

తాత ఒప్పుకున్నాడని చెప్పలేం. "నాలుగు వారాలు. బరంపురం బస్సు కరుసు నాది, ఆడితో నానే ఎళ్తాను. ఐదో వారానికి ఆడు అన్నం తినకపోతే ఆ బిళ్లలు సంద్రంలో పారీస్తాను."

"పారెయ్యకు. మిగిలినవి లెక్కపెట్టి, చీటీతో సహా డాక్టరు దగ్గరికే తీసుకెళ్లు" అంది కూతురు.